డిలీట్ కాని ఫైలు: పట్టుకున్నది ఎవరో కనుక్కొని వదిలించే పద్ధతి

ఒక ఫోటో స్టూడియో కంప్యూటర్‌లో డి డ్రైవ్ నిండిపోయింది. మర్నాడు పెళ్లి ఉంది, వీడియో దించుకోవడానికి చోటు లేదు. ఎడిటింగ్ ముగిసి ఫైలుగా తయారవుతున్న సమయంలో కరెంటు పోయి, సగంలో ఆగిపోయిన 46 జీబీ ఎంపీ4 ఫైలు ఒకటి అందులో పడి ఉంది. దాన్ని తీసేస్తే చాలు, చోటు దొరుకుతుంది. కానీ డిలీట్ నొక్కిన ప్రతిసారీ, ఈ ఫైలు విండోస్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉంది, మూసి మళ్లీ ప్రయత్నించండి అనే హెచ్చరిక వస్తోంది. మూడుసార్లు రీస్టార్ట్ చేసినా అదే మాట. నేను వెళ్లేసరికి డ్రైవ్ మొత్తాన్ని ఫార్మాట్ చేద్దామని నిర్ణయానికి వచ్చేశారు. ఇంకా అప్పగించని రెండు పెళ్లిళ్ల ఫోటోలు ఆ డ్రైవ్‌లోనే ఉన్నాయి.

ఆ ఫైలును తీయడానికి రెండు నిమిషాలు పట్టింది. ఎలా తీశానో కింద చెబుతాను. అంతకంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది: మొండికేసేది ఫైలు కాదు, దాన్ని ఎవరో పట్టుకుని ఉంటారు. ఆ చెయ్యి ఎవరిదో తెలుసుకోకుండా బలప్రయోగానికి దిగడం వల్లే విలువైన ఫైళ్లు పోతున్నాయి.

ఈ మార్గదర్శి విండోస్ 10, 11 వాడేవారి కోసం. ఆదేశాలను తెలుగు లిపిలో రాశాను. మీరు మాత్రం కీబోర్డుపై ఆంగ్ల అక్షరాల్లోనే కొట్టాలి. స్పెల్లింగు పొరపడే చోట అక్షరాలు విడదీసి ఇచ్చాను.

తాళం ఎందుకు పడుతుంది

విండోస్‌లో ఒక ప్రోగ్రాం ఫైలును తెరిచేటప్పుడు, నేను దీన్ని వాడుతున్నంతసేపు ఇతరులు ఏమేం చేయవచ్చో కూడా చెబుతుంది. చదవవచ్చా, రాయవచ్చా, తొలగించవచ్చా అన్నవి మూడు వేర్వేరు అనుమతులు. తొలగించే అనుమతి ఇవ్వకుండా తెరిస్తే, ఆ ప్రోగ్రాం వదిలేదాకా ఎవరు డిలీట్ కొట్టినా విండోస్ ఒప్పుకోదు. లినక్స్ తీరు వేరు. అక్కడ డిలీట్ చేయగానే ఫైలు పేరు జాబితా నుంచి పోతుంది, లోపలి సమాచారం మాత్రం చివరి ప్రోగ్రాం మూసేదాకా డిస్కులో ఉంటుంది. అందుకే లినక్స్ వాడేవారికి ఈ బాధ చాలా తక్కువ.

విండోస్ ఇలా తాళం వేయడం మన మంచికే. మీరు వర్డ్‌లో రాస్తున్న ఫైలును పక్క ప్రోగ్రాం చెరిపేయకుండా కాపాడేది ఈ తాళమే.

మొదటి అడుగు: హెచ్చరికను పూర్తిగా చదవండి

చాలామంది హెచ్చరిక కనిపించగానే మూసేసి, ఇంటర్నెట్‌లో దొరికిన మొదటి చిట్కాను ప్రయోగిస్తారు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం పనికిరాదు. ఆ చిన్న కిటికీలో వచ్చే వాక్యం మీ సమస్య ఏ జాతికి చెందిందో చెప్పేస్తుంది.

ఫైలు వేరే ప్రోగ్రాంలో తెరిచి ఉందని చెబితే అది తాళం సమస్య. అనుమతి కావాలనో, యాక్సెస్ డినైడ్ అనో వస్తే హక్కుల సమస్య. ఫైలు దొరకడం లేదనో, పేరు చెల్లదనో, దారి (డ్రైవ్ నుంచి ఫైలు దాకా ఉన్న చిరునామా) మరీ పొడవుగా ఉందనో అంటే పేరుకు సంబంధించిన సమస్య. ఫైలు పాడైంది, చదవలేకపోతున్నాం అంటే డిస్కు సమస్య. నాలుగింటికీ నాలుగు వేర్వేరు మందులు. హక్కుల సమస్యకు ప్రోగ్రాంలు మూసుకుంటూ కూర్చుంటే గంటలు గడుస్తాయి తప్ప పని కాదు.

రెండో అడుగు: అసలు దాన్ని తీయవచ్చా?

సి డ్రైవ్‌లోని విండోస్ ఫోల్డర్ లోపల ఉన్నవి డిలీట్ కావడం లేదంటే, వాటిని వదిలేయండి. విండోస్ విస్టా కాలం నుంచి సిస్టమ్ ఫైళ్ల యాజమాన్యం ట్రస్టెడ్‌ఇన్‌స్టాలర్ అనే అంతర్గత సేవ పేరు మీద ఉంటోంది. అడ్మినిస్ట్రేటర్‌కు కూడా నేరుగా చెరిపే హక్కు ఇవ్వకపోవడం కావాలని చేసిన ఏర్పాటే.

చోటు కోసం వెతికేవారి కంటికి మూడు పెద్ద ఫైళ్లు, ఫోల్డర్లు తరచుగా పడతాయి. వాటికి వేరే దారులున్నాయి. హైబర్‌ఫిల్ డాట్ సిస్ అనే ఫైలు హైబర్నేషన్ కోసం, అంటే చేస్తున్న పనిని ఉన్నది ఉన్నట్టు డిస్కులో దాచి కంప్యూటర్‌ను ఆపడం కోసం, ఉన్నది. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో (ఆదేశాలు కొట్టే కిటికీ ఇది, స్టార్ట్ మెనూలో సిఎండి అని వెతికి, దానిపై కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోవాలి) పవర్‌సిఎఫ్‌జి /హెచ్ ఆఫ్ అని కొడితే అదే తొలగిపోతుంది. పేజ్‌ఫైల్ డాట్ సిస్ వర్చువల్ మెమరీ కోసం ఉన్నది, దాన్ని కదపకండి. విండోస్ డాట్ ఓల్డ్ ఫోల్డర్ పాత విండోస్ తాలూకుది. కొత్త వెర్షన్‌కు మారిన 10 రోజుల తర్వాత విండోస్ దాన్ని తానే తీసేస్తుంది. ఈలోపే కావాలంటే డిస్క్ క్లీనప్‌లో సిస్టమ్ ఫైళ్ల విభాగం నుంచి తీయండి.

ఇంకో మాట కూడా ఇక్కడే మనసులో పెట్టుకోవాలి. కమాండ్ ప్రాంప్ట్‌లో తొలగించినవి రీసైకిల్ బిన్‌లోకి వెళ్లవు. ఎంటర్ నొక్కే ముందు పేరు అక్షరం అక్షరం సరిచూసుకోండి.

మూడో అడుగు: కంటికి కనిపించని చేతులు

తెరిచిన ప్రోగ్రాంలు మూసేయడం అందరూ చేసేదే. మూసినా మిగిలిపోయేవి కొన్ని ఉంటాయి. గడియారం పక్కనున్న చిన్న బాణం గుర్తు నొక్కితే వెనక పనిచేస్తున్న ప్రోగ్రాంలు కనిపిస్తాయి. వన్‌డ్రైవ్, గూగుల్ డ్రైవ్ వంటివి ఫైలును పైకి పంపుతూ పట్టుకుని ఉండవచ్చు. వాటిని కాసేపు ఆపండి. యాంటీవైరస్ పెద్ద ఫైలును పరీక్షిస్తుంటే ఐదు నిమిషాలు ఆగితే అదే వదులుతుంది.

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. వర్డ్ మూసేశామనుకున్నా అక్కడ ఇంకా నడుస్తూ కనిపించడం మామూలే. వర్డ్ ఫైలున్న చోట ~$ గుర్తుతో మొదలయ్యే చిన్న దాచిన ఫైలు కనిపిస్తే, ఆ డాక్యుమెంట్ ఎవరి దగ్గరో తెరిచి ఉందని గుర్తు. వర్డ్ హఠాత్తుగా ఆగిపోయినప్పుడు కూడా ఆ చిన్న ఫైలు మిగిలిపోతుంది. ఎవరూ తెరవలేదని రూఢి చేసుకున్నాక దాన్ని తీసేయవచ్చు.

ఫోల్డర్ పోకపోతే ఇంకో కారణం ఉండవచ్చు. కమాండ్ ప్రాంప్ట్ కిటికీ ఆ ఫోల్డర్‌లోనే నిలబడి ఉంటే, ఫోల్డర్ ఖాళీగా ఉన్నా విండోస్ తీయనివ్వదు. సిడి .. అని కొట్టి పైకి రావాలి, లేదా ఆ కిటికీ మూసేయాలి.

నాలుగో అడుగు: ఎక్స్‌ప్లోరరే పట్టుకున్నప్పుడు

మళ్లీ స్టూడియోకు వద్దాం. ఎంపీ4 ఫైలులో ఏది ఎక్కడుందో చెప్పే విషయసూచిక లాంటి భాగం ఒకటి ఉంటుంది. చాలా ప్రోగ్రాంలు దాన్ని ఫైలు చివర్లో రాస్తాయి. కరెంటు పోయినందువల్ల అది రాయనే లేదు. ఫోల్డర్ తెరవగానే ఎక్స్‌ప్లోరర్ చిన్న బొమ్మ చూపించడానికి, నిడివి చెప్పడానికి ఆ ఫైలు తెరిచి, లేని సూచిక కోసం 46 జీబీ అంతా వెతుకుతోంది. వెతుకుతున్నంతసేపు తాళం. రీస్టార్ట్ చేస్తే తాళం పోతోంది, కానీ డిలీట్ చేయడానికి మళ్లీ ఆ ఫోల్డరే తెరుస్తున్నారు. తెరిచిన క్షణం నుంచి వెతుకులాట మళ్లీ మొదలు. అందుకే మూడుసార్లు చేసినా ఫలితం లేకపోయింది.

ఇలాంటప్పుడు ఫోల్డర్ తెరవకుండా ఫైలు తీయాలి. ముందు ఫైలుపై షిఫ్ట్ పట్టుకుని కుడి క్లిక్ చేసి, కాపీ యాజ్ పాత్ ఎంచుకోండి. విండోస్ 11లో కుడి క్లిక్ మెనూలోనే అది కనిపిస్తుంది. ఇప్పుడు ఫైళ్ల కిటికీలన్నీ మూసేయండి. స్టార్ట్ మెనూలో సిఎండి అని వెతికి కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, డెల్ (డి-ఇ-ఎల్) అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, కంట్రోల్ వితో ఆ దారిని అతికించండి. ఇలా కనిపిస్తుంది:

డెల్ "డి:\వీడియోలు\పెళ్లి.ఎంపీ4"

ఎంటర్ నొక్కండి. అప్పటికీ తెరిచి ఉందంటే టాస్క్ మేనేజర్‌లో విండోస్ ఎక్స్‌ప్లోరర్ వరుసపై కుడి క్లిక్ చేసి రీస్టార్ట్ ఎంచుకుని, ఏ ఫోల్డరూ తెరవకుండా మళ్లీ ఆ ఆదేశం ఇవ్వండి. స్టూడియోలో ఈ రెండో ప్రయత్నంలో ఫైలు పోయింది.

ఇదే గొడవ మళ్లీ మళ్లీ వస్తుంటే ఆల్ట్, పి నొక్కి, ఎంచుకున్న ఫైలు లోపల ఏముందో పక్కన చూపించే ప్రివ్యూ పేన్‌ను ఆపేయండి. వీడియోలు, పెద్ద ఫోటోలు ఉన్న ఫోల్డర్లలో దాన్ని ఎప్పుడూ ఆపి ఉంచడమే మేలని నా అభిప్రాయం.

దారిని కాపీ చేయమని చెప్పడానికి ఇంకో కారణం, తెలుగు పేర్లు. పాత కమాండ్ ప్రాంప్ట్ కిటికీలో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపిస్తాయి. డబ్బాలను చూసి కంగారుపడవద్దు. కనిపించడంలోనే తేడా, లోపల పేరు సరిగానే ఉంటుంది, అతికిస్తే ఆదేశం పనిచేస్తుంది. తెలుగు పేరును మళ్లీ చేత్తో కొట్టబోతేనే తప్పు దొర్లుతుంది.

ఐదో అడుగు: పట్టుకున్నది ఎవరో పేరు తెలుసుకోండి

హెచ్చరికలో ప్రోగ్రాం పేరు రాకుండా, వేరే ప్రోగ్రాం వాడుతోందని మాత్రమే ఉంటే విచారణ చేయాలి. దీనికి విండోస్‌లోనే రిసోర్స్ మానిటర్ ఉంది. స్టార్ట్ మెనూలో ఆ పేరుతో వెతికి తెరవండి. సీపీయూ ట్యాబ్‌లో అసోసియేటెడ్ హ్యాండిల్స్ అనే పట్టీ ఉంటుంది. దాని పక్కన ఉన్న వెతుకులాట పెట్టెలో ఫైలు పేరులో కొంత భాగం కొట్టండి. కొద్ది క్షణాల్లో ఆ ఫైలును పట్టుకున్న ప్రోగ్రాంల జాబితా కింద వస్తుంది.

ఇంకా సులువైనది కావాలంటే మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్ పెట్టుకోండి. అందులో 2022లో చేరిన ఫైల్ లాక్‌స్మిత్ అనే పనిముట్టు కుడి క్లిక్ మెనూలోకి వస్తుంది. ఫోల్డర్‌పై నొక్కితే లోపలి ఫైళ్లను ఎవరెవరు పట్టుకున్నారో కూడా చూపిస్తుంది. పాత చేతులు ఇష్టపడేది ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్. మార్క్ రుసినోవిచ్, బ్రైస్ కాగ్స్‌వెల్ నడిపిన సిస్‌ఇంటర్నల్స్ నుంచి వచ్చింది, 2006లో మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. దాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ఫైండ్ మెనూలో ఫైలు పేరు ఇస్తే సరి.

పేరు తెలిశాక ముందు ఆ ప్రోగ్రాంను మామూలుగా మూయండి. వినకపోతే టాస్క్ మేనేజర్‌లో ఎండ్ టాస్క్ నొక్కండి. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో ప్రోగ్రాంను నడవనిస్తూనే ఆ ఒక్క ఫైలు పట్టును తెంచే క్లోజ్ హ్యాండిల్ అనే సదుపాయం కూడా ఉంది. దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను. ప్రోగ్రాం ప్రతి ఫైలునూ ఒక సంఖ్యతో గుర్తుపెట్టుకుంటుంది. మీరు పట్టు తెంచాక అదే సంఖ్య మరో ఫైలుకు దక్కవచ్చు. ఆ సంగతి తెలియని ప్రోగ్రాం పాత ఫైలు అనుకుని కొత్త ఫైలులో రాసేస్తుంది. పనికిరాని ఫైలును తీయబోయి పనికొచ్చేదాన్ని పాడుచేసుకున్నట్టవుతుంది.

పట్టుకున్నది సిస్టమ్ అని వస్తే, మీ ఆఫీసులో కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్‌తో కలిపి ఉన్నాయేమో చూడండి. డీటీపీ కేంద్రాల్లో, ప్రెస్సుల్లో ఇది తరచుగా ఎదురవుతుంది. మీ కంప్యూటర్‌లోని ఫైలును పక్క బల్ల మీది కంప్యూటర్‌లో తెరిచి ఉంచుతారు. స్టార్ట్ బటన్‌పై కుడి క్లిక్ చేసి కంప్యూటర్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి, షేర్డ్ ఫోల్డర్స్ కింద ఓపెన్ ఫైల్స్ చూస్తే, ఎవరి ఖాతా నుంచి తెరిచారో కనిపిస్తుంది. అక్కడి నుంచే మూసే వీలుంది, కానీ వారు సేవ్ చేయని పని పోతుంది. ఒక మాట అడిగి, వారితోనే మూయించండి.

ఆరో అడుగు: షట్‌డౌన్ కాదు, రీస్టార్ట్

ఈ రెండూ ఒకటే అనుకునేవారు చాలామంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ అనే ఏర్పాటు ఉంది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ చేస్తే మీ ప్రోగ్రాంలు మూతపడతాయి గానీ, విండోస్ లోపలి భాగం, పరికరాలను నడిపే డ్రైవర్లతో సహా, ఉన్నది ఉన్నట్టుగా డిస్కులో భద్రమవుతుంది. ఉదయం ఆన్ చేయగానే అదే తిరిగి లేస్తుంది. డ్రైవర్ ఏదైనా ఫైలును పట్టుకుని ఉంటే ఆ పట్టు కూడా తిరిగి రావచ్చు. రోజూ రాత్రి కట్టేసి, పొద్దున ఆన్ చేసే కంప్యూటర్ నెలల తరబడి నిజంగా కొత్తగా మొదలై ఉండకపోవచ్చు. రీస్టార్ట్ మాత్రం అన్నింటినీ మొదటి నుంచి లేపుతుంది. పూర్తిగా ఆపాలంటే షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి.

అయినా పోకపోతే సేఫ్ మోడ్. షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కితే నీలి తెర వస్తుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్ మీదుగా వెళ్లి మళ్లీ రీస్టార్ట్ ఇచ్చి, వచ్చిన జాబితాలో 4 నొక్కండి. అత్యవసరమైన భాగాలు మాత్రమే నడుస్తాయి కాబట్టి తాళం వేసే చేతులు తక్కువ. డిస్కులోని సమాచారాన్ని ఇతరులు చదవకుండా కాపాడే బిట్‌లాకర్ ఉన్న కంప్యూటర్లలో ఈ దారిలో 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది చేతిలో లేకుండా మొదలుపెట్టవద్దు.

ఏడో అడుగు: హక్కులు లేనప్పుడు

పాత కంప్యూటర్ పాడైతే దాని హార్డ్ డిస్కు తీసి కొత్తదానికి కలుపుతాం. అప్పుడు పాత ఫోల్డర్లు తెరుచుకోవు, పోవు. కారణం సులువైనది. విండోస్ యజమానిని గుర్తుపెట్టుకునేది పేరుతో కాదు, ఒక పొడవాటి గుర్తింపు సంఖ్యతో. పాత కంప్యూటర్‌లో మీ సంఖ్య వేరు, ఇక్కడ వేరు. పేరు ఒకటే అయినా ఈ కంప్యూటర్ దృష్టిలో మీరు కొత్తవారు.

కమాండ్ ప్రాంప్ట్‌పై కుడి క్లిక్ చేసి రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ ఎంచుకోండి. మొదటి ఆదేశం టేక్‌ఓన్, అక్షరాలు టి-ఏ-కె-ఇ-ఓ-డబ్ల్యూ-ఎన్:

టేక్‌ఓన్ /ఎఫ్ "ఇ:\పాత ఫోటోలు" /ఆర్ /డి వై

ఇది యాజమాన్యాన్ని మీ పేరుకు మారుస్తుంది. యజమాని అయినంత మాత్రాన చెరిపే హక్కు దానంతట అది రాదు, ఆ హక్కును మీరు ఇచ్చుకోవాలి. రెండో ఆదేశం ఐకాకల్స్, అక్షరాలు ఐ-సి-ఏ-సి-ఎల్-ఎస్:

ఐకాకల్స్ "ఇ:\పాత ఫోటోలు" /గ్రాంట్ అడ్మినిస్ట్రేటర్స్:ఎఫ్ /టి

చాలామంది మొదటిది చేసి ఆగిపోయి, పని కాలేదని వదిలేస్తారు. రెండూ ఇదే వరుసలో చేయాలి. తర్వాత ఆ కిటికీలోనే ఆర్‌డి /ఎస్ అని కొట్టి ఫోల్డర్ దారి ఇస్తే ఫోల్డర్ మొత్తం పోతుంది. ఈ ఆదేశాలను సి డ్రైవ్ మొత్తానికి గానీ విండోస్ ఫోల్డర్‌కు గానీ ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. లోపలి హక్కుల అమరిక చెదిరితే తిరిగి విండోస్ ఎక్కించుకోవడమే మిగులుతుంది.

ఎనిమిదో అడుగు: పేరే అడ్డమైనప్పుడు

చాలా ప్రోగ్రాంలలో డ్రైవ్ నుంచి ఫైలు దాకా మొత్తం దారి 260 అక్షరాలకు మించకూడదన్న పాత హద్దు ఇంకా ఉంది. తెలుగులో పేర్లు పెట్టేవారు ఈ లెక్క తెలుసుకోవాలి. 'స్త్రీ' మన కంటికి ఒక్క అక్షరం. కంప్యూటర్ మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అంటూ ఆరు లెక్కపెడుతుంది. ఫోల్డర్లో ఫోల్డర్ పెట్టుకుంటూ, ప్రతిదానికీ పొడవాటి తెలుగు పేరు పెడితే హద్దు మనం అనుకున్నదానికంటే చాలా ముందే వస్తుంది.

దీనికి తేలికైన మందు, పైనున్న ఫోల్డర్ల పేర్లను ఒక్కొక్క అక్షరానికి కుదించడం. దారి పొట్టిదవగానే అడుగునున్న ఫైలు మామూలుగానే పోతుంది. పొరలు మరీ ఎక్కువైతే విండోస్‌లోనే ఉన్న రోబోకాపీ అనే ఆదేశం వాడండి. ఖాళీ ఫోల్డర్ ఒకటి తయారుచేసి ఇలా ఇవ్వాలి:

రోబోకాపీ "డి:\ఖాళీ" "డి:\పాతవి" /ఎంఐఆర్

మొదటి ఫోల్డర్‌లో ఏముందో రెండోదాన్ని అచ్చం అలాగే చేయమని దీని అర్థం. మొదటిది ఖాళీ కాబట్టి రెండోదీ ఖాళీ అవుతుంది. రెండో స్థానంలో పొరపాటున వేరే ఫోల్డర్ పేరు పడితే అందులోవన్నీ పోతాయి. ఎంటర్ నొక్కే ముందు బిగ్గరగా చదివి చూసుకోండి, నేను ఇప్పటికీ అలాగే చేస్తాను.

సి-ఓ-ఎన్, పి-ఆర్-ఎన్, ఏ-యు-ఎక్స్, ఎన్-యు-ఎల్ అనే మూడక్షరాల పేర్లు విండోస్‌కు ముందున్న డాస్ కాలం నుంచి పరికరాల కోసం కేటాయించినవి. విండోస్‌లో ఆ పేరుతో ఫైలు మామూలుగా పుట్టదు. లినక్స్ నుంచో మరో పరికరం నుంచో వచ్చి చేరితే మామూలుగా పోదు. పేరు చివర చుక్క గానీ ఖాళీ గానీ ఉన్న ఫైళ్లదీ ఇదే కథ. దారికి ముందు \\?\ అనే గుర్తు చేరిస్తే, పేరును సరిచూడకుండా ఉన్నదున్నట్టు తీసుకోమని విండోస్‌కు చెప్పినట్టు:

డెల్ "\\?\డి:\పాతవి\కాన్"

ఇక్కడ డ్రైవ్ నుంచి మొదలుపెట్టి దారి పూర్తిగా ఇవ్వాలి.

పైవేవీ పనిచేయనప్పుడు

ఫైలు పాడైంది, చదవలేకపోతున్నాం అని వస్తే, ముందు ఆ డ్రైవ్‌లో మీకు కావాల్సినవన్నీ వేరే చోటికి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో చెక్‌డిస్క్ ఇవ్వండి. అక్షరాలు సి-హెచ్-కె-డి-ఎస్-కె, ఒక ఖాళీ, డ్రైవ్ పేరు, /ఎఫ్. మరమ్మతు ముగిశాక ఫైలు మామూలుగా పోతుంది. పెన్‌డ్రైవ్‌లో ఏ ఫైలూ పోకపోతే, పక్కన రైట్ ప్రొటెక్ట్ మీట ఉందేమో చూడండి. అది లేకున్నా రాయనివ్వడం లేదంటే లోపలి చిప్పు అరిగిపోయి ఉండవచ్చు. అలాంటిది చదవడానికి మాత్రమే వీలిస్తుంది. ఉన్నవి కాపీ చేసుకుని దాన్ని పక్కన పెట్టేయండి.

తొలగించాక మళ్లీ ప్రత్యక్షమయ్యే ఫైలు సంగతి వేరు. అది తాళం కాదు, దాన్ని ఎవరో తిరిగి పుట్టిస్తున్నారు. వన్‌డ్రైవ్ వంటి సమకాలీకరణ ప్రోగ్రాం ఏదైనా వెనక్కి దించుతోందేమో ముందు చూడండి. అది కాదంటే వైరస్ అని అనుమానించాలి. విండోస్ సెక్యూరిటీలో వైరస్ రక్షణ విభాగంలోకి వెళ్లి, స్కాన్ ఆప్షన్స్ కింద మైక్రోసాఫ్ట్ డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకోండి. కంప్యూటర్ రీస్టార్ట్ అయి, విండోస్ లేవకముందే పరీక్ష జరుగుతుంది కాబట్టి వైరస్ తనను తాను కాపాడుకునే అవకాశం ఉండదు. ఈ దశలో ఏ ఫైలునైనా చెరిపేస్తామంటూ ఊరూపేరూ లేని సైట్లలో దొరికే ఉచిత ప్రోగ్రాంలను మాత్రం దించుకోకండి. వాటికి అడ్మినిస్ట్రేటర్ అనుమతి ఇవ్వడమంటే ఇంటి తాళాలు తీసి చేతికివ్వడమే.